సోలోలో దాగిన పాట

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం 1965లో కాలిఫోర్నియాలో మొదలై, ముప్ఫై ఏళ్లలో 2,300కు పైగా కచేరీలు చేసింది. ఒక రాత్రి వాయించినట్టు మరో రాత్రి వాయించకపోవడమే ఆ బృందం పద్ధతి. ఒక పాట ముగిసి ఇంకొకటి మొదలయ్యేలోపు గిటారిస్టు జెర్రీ గార్సియా, అతని తోటివాళ్లు నిమిషాల తరబడి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయేవారు. అలాంటి అల్లికనే జామ్ అంటారు. శ్రోతలు ఆ కచేరీలను టేపుల మీదికి ఎక్కించుకునేవారు. బృందం వాళ్లకు అడ్డుచెప్పలేదు సరికదా, 1984లో హాల్లో వాళ్లకంటూ చోటు కూడా కేటాయించింది. టేపులు చేతులు మారాయి, ఏ రోజు ఏం వాయించారో జాబితాలు తయారయ్యాయి, ఆ అల్లికల్లో మళ్లీ మళ్లీ తగిలే బాణీలకు శ్రోతలే పేర్లు పెట్టారు. కొన్ని పేర్లు ‘ఇది ఫలానా పాట నుంచి వచ్చింది’ అని తేల్చి చెప్పేవి. అలా ఆనవాలు పట్టడం సంగీతాన్ని వినడమేనా, లేక వినడం మాని వెతుకులాటలో పడడమా? ఈ ప్రశ్న మీద గిటార్ నేర్పే ఒక మాస్టారికీ, ఆ టేపులను శ్రద్ధగా వినే ఒక శ్రోతకూ జరిగిన వాదం ఇది.

మాస్టారు: చూడమ్మా, నా అభ్యంతరం ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. 1973, 74 ప్రాంతంలో గ్రేట్‌ఫుల్ డెడ్ వాయించిన ఒక జామ్‌ను అభిమానులు ‘మైండ్ లెఫ్ట్ బాడీ జామ్’ అంటారు. పాల్ కాంట్‌నర్, గ్రేస్ స్లిక్, డేవిడ్ ఫ్రైబర్గ్ కలిసి 1973లో తెచ్చిన ‘బ్యారన్ వాన్ టోల్‌బూత్ అండ్ ద క్రోమ్ నన్’ ఆల్బమ్‌లో ‘యువర్ మైండ్ హాజ్ లెఫ్ట్ యువర్ బాడీ’ అనే పాట ఉంది. ఈ జామ్ ఆ పాటలా వినిపించిందని ఆ పేరు పెట్టారు. ఇంతకీ అలా వినిపించినదేమిటి? నాలుగు కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగడం, మళ్లీ పైకి వచ్చి దిగడం. ఆ దిగుడు కాంట్‌నర్ సొత్తు కాదు. సైమన్ అండ్ గార్‌ఫంకెల్ 1966లో పాడిన ‘ఫిఫ్టీ నైన్త్ స్ట్రీట్ బ్రిడ్జ్ సాంగ్’లోనూ కార్డ్‌లు అలాగే దిగుతాయి. ‘ఫీలిన్ గ్రూవీ’ అన్నది ఆ పాటకే మరో పేరు, అందుకే ఈ బృందమే వాయించిన ఇంకో జామ్‌కు ‘ఫీలిన్ గ్రూవీ జామ్’ అన్న పేరొచ్చింది. లెడ్ జెప్లిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ ఆరంభాన్ని స్పిరిట్ బృందం వాయించిన ‘టారస్’ నుంచి తీసుకున్నారని దావా వేస్తే, 2016లో జ్యూరీ కాదంది, 2020లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. అలా దిగే స్వరవరస శతాబ్దాలుగా అందరిదీ అన్నది అక్కడ జెప్లిన్ పక్షం వాదన. గిటార్ మెట్ల మీద చెయ్యి కిందికి జరుపుకుంటూ పోతే అలాంటి వరసలు వాటంతటవే పలుకుతాయి. వేళ్లు అలవాటైన దారిలో నడిస్తే, ఆ నడకకు మీరు ఒక పాట పేరు తగిలించారు. 1974 జూన్ 26న ప్రావిడెన్స్‌లో ‘చైనా క్యాట్ సన్‌ఫ్లవర్’కూ ‘ఐ నో యూ రైడర్’కూ మధ్య గ్రేట్‌ఫుల్ డెడ్ వాయించిన భాగం 1998లో, ఆ బృందం కచేరీల అధికారిక ఆల్బమ్‌ల వరుస ‘డిక్స్ పిక్స్’ పన్నెండో సంపుటంలో వెలువడింది. అక్కడ ‘మైండ్ లెఫ్ట్ బాడీ జామ్’ అన్న పేరే అచ్చయింది. అభిమానుల ఊహ అధికారిక చరిత్ర అయిపోయింది.

శ్రోత: మాస్టారూ, దిగే కార్డ్‌ల విషయంలో మీతో నాకు పేచీ లేదు. కానీ ఒక పోలిక బలహీనంగా ఉన్నంత మాత్రాన పోల్చే పనే తప్పని ఎలా అనగలం? బలంగా ఉన్న పోలికను కూడా చూడాలి కదా. 1967 జూన్ 18న మాంటెరే సంగీతోత్సవంలో గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ‘వైల్డ్ థింగ్’ సోలోలో ‘స్ట్రేంజర్స్ ఇన్ ద నైట్’ బాణీ వాయించాడు. అంతకు ముందు ఏడాది జూలైలో, కొద్ది వారాల తేడాతో, ఈ రెండు పాటలూ అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. ఫ్రాంక్ సినాట్రా పాడినది పెద్దల పాట, ట్రాగ్స్ బృందం పాడిన ‘వైల్డ్ థింగ్’ కుర్రకారు పాట. ఒకే వేసవిలో ఒకే రేడియోలో మోగిన ఆ రెంటినీ హెండ్రిక్స్ ఒకే సోలోలో కలిపాడు. అతని బృందం అమెరికాలో ఇచ్చిన మొదటి కచేరీ అది. తరాల మధ్య ఉన్న ఆ దూరాన్ని అతను ఒక్క మాట మాట్లాడకుండా చెప్పాడు. సినాట్రా పాట తెలియనివారికి అది సోలోలో ఇంకో మలుపు మాత్రమే.

ఈ ఆనవాలును నేను ఎందుకు నమ్ముతానంటే, మూడు ప్రశ్నలకు ఇది నిలబడుతుంది. మొదటిది, ఆకారం. స్వరాల ఎగుడుదిగుడుతో పాటు వాటి లయ కూడా కలిసిందా? రెండోది, అవసరం. కింద మోగే కార్డ్‌లే ఆ స్వరాలను పుట్టించి ఉండేవా, లేక వాటి అవసరం లేకుండానే ఆ బాణీ వచ్చిందా? మూడోది, దారి. ఆ పాట ఆ వాద్యకారుడి చెవిన పడి ఉండే అవకాశం ఉందా? లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌ను తీసుకోండి. కచేరీల్లో ‘హార్ట్‌బ్రేకర్’ పాట సోలో దగ్గరికి వచ్చేసరికి మిగతా బృందం ఆగిపోయేది, గిటార్ ఒక్కటే మోగేది. ఆ ఖాళీలో అతను బాఖ్ రాసిన ఇ మైనర్ బూరే వాయించేవాడు, మీరు చెప్పిన ఆ సైమన్ పాట బాణీ కూడా వాయించేవాడు. అక్కడ అతని చేత ఆ స్వరాలు పలికించే కార్డ్ ఏదీ కింద లేదు. పేజ్ వాయించినది సైమన్ పాట బాణీ, గ్రేట్‌ఫుల్ డెడ్ వాయించినది ఆ పాట కార్డ్‌ల నడక. ఆనవాలు పట్టడం వల్లనే ఈ రెండు బంధుత్వాలూ ఒకటి కావని తెలిసింది.

మాస్టారు: ప్రశ్నలు బాగున్నాయి కానీ మూడోది నిన్ను ఎక్కడికీ చేర్చదు. రేడియో, రికార్డులు ఉన్న లోకంలో ఏ పాటకైనా ఏ చెవికైనా దారి ఉంటుంది. పైగా చెవిన పడడం వేరు, కావాలని వాయించడం వేరు. జార్జ్ హారిసన్ 1970లో తెచ్చిన ‘మై స్వీట్ లార్డ్’ మీద కేసు నడిచి, 1976లో న్యాయమూర్తి ఏమన్నాడో నీకు తెలుసు. 1963లో షిఫాన్స్ పాడిన ‘హీజ్ సో ఫైన్’ బాణీయే అది, అయితే హారిసన్ తెలిసి తీసుకోలేదు, అతనికి తెలియకుండానే వచ్చింది అన్నాడు. తీరిగ్గా రాసుకున్న పాటలోనే అలా జరిగితే, క్షణాల మీద అల్లే సోలోలో వాద్యకారుడి ఉద్దేశం నీకెలా తెలుస్తుంది? ఇంకో మాట. ఉన్నవి పన్నెండు స్వరస్థానాలు. వినేవాడి జ్ఞాపకంలో ఉన్నవి వేల పాటలు. గంట సేపు సాగే జామ్‌లో ఏదో ఒక నాలుగు స్వరాల ముక్క ఏదో ఒక పాటతో కలవకపోతేనే ఆశ్చర్యం. వెతికేవాడికి దొరుకుతుంది, దొరికింది కాబట్టి ఉందనుకుంటాడు. కలవనివి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు.

శ్రోత: ఈ అభ్యంతరం న్యాయమైనది, దాన్ని నియమంగా మార్చుకోవాలి. నాలుగు స్వరాల పోలికను ఆనవాలుగా ఒప్పుకోకూడదు. ఒక ముక్క ఫలానా పాటదని చెప్పేవారు, అదే ముక్కతో అంతే బాగా కలిసే వేరే పాటలు ఎన్ని ఉన్నాయో కూడా వెతికి చెప్పాలి. ఒకటి దొరికితే మిగతావి వెతకడం ఆపేసే అలవాటే అసలు జబ్బు. ముక్క ఎంత పొడవుంటే, దాని లయ ఎంత ప్రత్యేకంగా ఉంటే, యాదృచ్ఛికంగా కలిసే వీలు అంత తగ్గుతుంది. అందువల్ల ఆకారం గట్టిగా ఉన్నప్పుడే దారి గురించి అడగాలి. దారి ఒక్కటే రుజువు కాదని ఒప్పుకుంటున్నాను. కాంట్‌నర్ ఆల్బమ్‌లో గార్సియా స్వయంగా వాయించాడన్నది నిజమే, అయినా ఆ నిజంతో ఆ జామ్ పేరును నిలబెట్టలేం.

ఇక ఉద్దేశం సంగతి. కొన్నిసార్లు అది తెలుస్తుంది, తెలిసినప్పుడు సంగీతం ఎంత మారిపోతుందో చూడండి. శాక్సఫోన్ విద్వాంసుడు కింగ్ కర్టిస్ 1971 ఆగస్టు 13న న్యూయార్క్‌లో కత్తిపోట్లకు చనిపోయాడు. అతనితో కలిసి రికార్డింగ్‌లు చేసిన గిటారిస్టు డువేన్ ఆల్‌మన్ అంత్యక్రియలకు వెళ్లాడు. ఆగస్టు 26న ఆల్‌మన్ బ్రదర్స్ బృందం అదే నగరంలో ఏ అండ్ ఆర్ స్టూడియో నుంచి రేడియోలో ప్రత్యక్షంగా వాయించింది. ఆ రోజు ‘యూ డోంట్ లవ్ మీ’ మధ్యలో డువేన్ ‘సోల్ సెరెనేడ్’లోకి వెళ్లాడు. అది కర్టిస్ బాణీ. అంత్యక్రియల గురించి అతను రేడియోలో మాట్లాడాడు కూడా. ఆ బాణీ ఎవరిదో తెలియనివారికి అక్కడ వేగం తగ్గి ఒక అందమైన మలుపు వచ్చిందని మాత్రమే వినిపిస్తుంది. తెలిసినవారికి ఒక వాద్యకారుడు చనిపోయిన స్నేహితుణ్ణి అతని స్వరాలతోనే తలుచుకోవడం వినిపిస్తుంది. డువేన్ కూడా అదే ఏడాది అక్టోబరు 29న రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ నివాళి వినేవారి చెవిలో పూర్తి కావలసిందే. గుర్తుపట్టేవారు ఎవరూ లేకపోతే అతను వాయించినదాంట్లో సగం పోయినట్టే.

మాస్టారు: డువేన్ విషయంలో నిన్ను కాదనను. కానీ అక్కడ వాద్యకారుడే చెప్పాడు, కనిపెట్టడానికి మీకు మిగిలిందేమీ లేదు. వాద్యకారుడు చెప్పని చోట కనిపెట్టినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఆస్ట్రేలియా బృందం మెన్ ఎట్ వర్క్ 1981లో తెచ్చిన ‘డౌన్ అండర్’ పాటలో గ్రెగ్ హామ్ వాయించిన ఫ్లూట్ ముక్క ఉంది. దానిలో మారియన్ సింక్లెయిర్ 1930లలో పిల్లల కోసం రాసిన ‘కూకబరా’ పాట బాణీ ఉందని పాతికేళ్ల పాటు ఎవరూ పట్టించుకోలేదు. 2007లో ఒక టీవీ క్విజ్‌లో దాన్ని ప్రశ్నగా అడిగారు. ఆ తర్వాత హక్కులున్న సంస్థ కోర్టుకు వెళ్లింది, 2010లో గెలిచింది, 2002 నుంచి వచ్చిన రాయల్టీలో ఐదు శాతం ఇవ్వాలని తీర్పొచ్చింది. ఇంకొకరి బాణీ కాపీ కొట్టినవాడిగా తనను గుర్తుపెట్టుకుంటారేమోనని హామ్ బాధపడ్డాడు. 2012లో చనిపోయాడు. వినోదం కోసం అడిగిన ఒక్క ప్రశ్న ఒక వాద్యకారుడి పేరు మీద మచ్చ వేసింది. ఆనవాలు పట్టడం అమాయకమైన పని కాదమ్మా.

శ్రోత: ఆ సంగతి వింటే నాకూ బాధగానే ఉంటుంది, మాస్టారూ. కానీ తప్పు ఎక్కడ జరిగిందో విడదీసి చూద్దాం. ఆ ఫ్లూట్‌లో కూకబరా పాట ఉందన్నది నిజం. కోర్టు కూడా విని ఆ మాటే చెప్పింది. నిజాన్ని గుర్తించడం తప్పు కాదు. ఆస్ట్రేలియా గురించి పాడే పాటలో ఆస్ట్రేలియా పిల్లలందరికీ తెలిసిన బాణీ పలికితే, అది ఆ దేశాన్ని తలుచుకోవడమని కూడా అర్థం చేసుకోవచ్చు. జాజ్ వాద్యకారులు సోలో మధ్యలో వేరే పాటల ముక్కలు వాయించడం దశాబ్దాల నాటి ఆచారం. వినేవారు దాన్ని పలకరింపుగా తీసుకున్నారే తప్ప నేరంగా చూడలేదు. ‘ఇది ఫలానా బాణీ’ అన్న మాటకూ ‘దొంగిలించాడు’ అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించినది చట్టం, డబ్బు. అందుకని ఆనవాలు పట్టేవారు నోరు మూసుకోనక్కర్లేదు. ఎరువు తెచ్చుకోవడం, నివాళి ఇవ్వడం, తెలియకుండా గుర్తుకు రావడం, దొంగిలించడం వేరువేరని ప్రతిసారీ చెప్పే బాధ్యత మాత్రం వాళ్ల మీద ఉంది. తెలిసినవారు చెప్పకపోతే, తెలియనివారు చెప్పే మాటే చెల్లుతుంది.

మాస్టారు: సరే, అపవాదు సంగతి వదిలేద్దాం. నా చివరి అభ్యంతరం అన్నిటికంటే లోతైనది. పేరు పెట్టగానే చెవి విశ్రాంతి తీసుకుంటుంది. ‘ఆ, ఇది మైండ్ లెఫ్ట్ బాడీ’ అనుకున్నవాడు ఆ రాత్రి గార్సియా ఆ నాలుగు కార్డ్‌ల మీద కొత్తగా ఏం చేశాడో వినడు. పేరు బృందం దాకా కూడా వెళ్లింది. 1990 మార్చిలో ఆల్బనీలో వాయించిన కచేరీలు 1996లో ‘డోజిన్ ఎట్ ద నిక్’గా వచ్చినప్పుడు అందులో ఒక జామ్‌కు ‘మడ్ లవ్ బడ్డీ జామ్’ అని పేరు పెట్టారు. అభిమానులు పెట్టిన పేరునే కాస్త తిప్పి పలికారు. మరోవైపు 1971 ఫిబ్రవరి 18న పోర్ట్ చెస్టర్‌లో వాయించిన ఒక అల్లికకు మూలం చూపే పేరు లేదు. 1999లో దాన్ని విడిగా వెలువరించినప్పుడు ‘బ్యూటిఫుల్ జామ్’ అన్నారు. ఆ పేరు ఏ పాటనూ అడ్డం పెట్టదు, నేరుగా వినమంటుంది. నాకు అలాంటి పేరే నచ్చుతుంది.

శ్రోత: నాకూ ఆ పేరు ఇష్టమే. అయితే దానికి విలువ ఎలా వచ్చింది? మిగతా అల్లికల్లో ఏది ఎక్కడిదో వెతికినవారు ఉండబట్టే, ఇది ఎక్కడిదీ కాదు, ఆ రాత్రి పుట్టినదే అని ధైర్యంగా అనగలుగుతున్నాం. వెతికి దొరకకపోవడం కూడా జ్ఞానమే. పేరు లేకపోతే ఒక అల్లిక 1973లో ఎలా ఉంది, 74లో ఎలా మారింది, 1990 నాటికి ఏమైంది అని పక్కపక్కన పెట్టి వినడం కుదరదు. కొత్తగా ఏం చేశాడో వినాలంటే పాతది ఏదో తెలియాలి. మన కచేరీలనే చూడండి. ఆలాపన మొదలవగానే ‘తోడి’ అని గుర్తుపట్టిన శ్రోత అక్కడితో వినడం ఆపేయడు. ఈ విద్వాంసుడు తోడిని ఎలా నడిపిస్తాడో వినడం అప్పుడే మొదలుపెడతాడు. రాగం తెలియనివాడు ఆనందించలేడని కాదు. తెలిసినవాడికి ఎదురుచూపు ఉంటుంది, ఎదురుచూసినది తప్పినప్పుడు కలిగే విస్మయం ఉంటుంది. పేరు ఆ ఎదురుచూపును ఇస్తుంది.

మాస్టారు: నువ్వు తెచ్చిన పోలికే నీకు అడ్డం తిరుగుతుందమ్మా. తోడి ఒక పాట కాదు. ఆ రాగంలో త్యాగరాజు ఒక్కడే ఎన్నో కృతులు చేశాడు. తోడి ఆలాపన విని ‘ఇది ఫలానా కృతి’ అన్నవాడు పొరపడ్డట్టే. విద్వాంసుడు కృతి ఎత్తుకుని సాహిత్యం పలికినప్పుడు మాత్రమే అది ఫలానా కృతి. రాగం వాడుకునేవారందరిదీ, కృతి చేసినవాడిది. నాలుగు కార్డ్‌ల దిగుడు రాగం లాంటిది. దానికి కాంట్‌నర్ పాట పేరు పెట్టడం రాగాన్ని కృతి అనడమే.

శ్రోత: అవును మాస్టారూ, ఆ తేడా దగ్గరే మన వాదం తేలుతుంది. హెండ్రిక్స్ వాయించిన సినాట్రా బాణీ, పేజ్ వాయించిన బాఖ్, డువేన్ వాయించిన కర్టిస్ బాణీ కృతిని ఎత్తుకోవడం. వాటి మీద మూలం పేరు ఉండి తీరాలి, లేకపోతే వాద్యకారుడు చెప్పినది సగమే వినిపిస్తుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ 1968 నుంచి వాయించిన ‘స్పానిష్ జామ్’ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. దాని మూలం మైల్స్ డేవిస్, గిల్ ఎవాన్స్ 1960లో తెచ్చిన ‘స్కెచెస్ ఆఫ్ స్పెయిన్’లోని ‘సోలియా’ అంటారు. అక్కడ తీసుకున్నది బాణీ కంటే ఎక్కువగా ఆ స్వరాల వాతావరణం, ఆ నడక. ‘మైండ్ లెఫ్ట్ బాడీ’, ‘ఫీలిన్ గ్రూవీ’ పూర్తిగా రాగం వైపు ఉంటాయి. వాటి పేర్లు పిలుచుకోవడానికి పనికొస్తాయి, పుట్టుక చెప్పడానికి పనికిరావు. ఆ పేర్లను చెరిపేయమని నేను అనను, కానీ వాటిని మూలానికి రుజువుగా చూపిస్తే మీ పక్షాన నిలబడతాను.

మాస్టారు: అలాగైతే నా ప్రధాన అభ్యంతరం తీరినట్టే. ఒక్క షరతు. పేరు చెప్పినవాడు కారణం కూడా చెప్పాలి. ఏ కచేరీ, ఏ చోటు, ఏ స్వరాలు, ఎంతసేపు, కింద కార్డ్‌లు ఏమిటి అన్నది చూపించాలి. విన్నవాడు తనే సరిచూసుకుని ఒప్పుకోవడమో కాదనడమో చేయగలగాలి.

ఇద్దరి మాటలూ విన్నాక ఈ వ్యాసకర్తకు తోచేది ఇది. సోలోలో దాగిన పాటను వెతకడం సంగీతానికి చేసే అపచారం కాదు. అప్పటికప్పుడు పుట్టినట్టు కనిపించే సంగీతం కూడా పూర్వం విన్న సంగీతం నుంచే పుడుతుంది, ఆ వంశాన్ని తెలుసుకోవడం వాద్యకారుడి ప్రతిభను తగ్గించదు. హెండ్రిక్స్ చేతిలో సినాట్రా పాట ఏమైందో తెలియాలంటే ముందు అది సినాట్రా పాటని తెలియాలి. అయితే మాస్టారి షరతు లేకుండా ఈ పని నిలవదు. బాణీని బాణీ అని, అందరి సొత్తైన నడకను నడక అని, పిలుపు కోసం పెట్టుకున్న పేరును పిలుపు అని విడివిడిగా రాసి ఉంచడమే టేపులు దాచిన శ్రోతలు తర్వాతి శ్రోతలకు చేయగల మేలు. గుర్తుపట్టినందుకు గర్వపడవచ్చు. కానీ ఆ గుర్తును ఇంకొకరు పరీక్షించి కాదనగలిగేలా ముందు పెట్టినప్పుడే అది జ్ఞానం అవుతుంది. అలా పెట్టిన ప్రతి ఆనవాలూ, నిలిచినా వీగిపోయినా, అదే సోలోను మరింత శ్రద్ధగా మళ్లీ వినేలా చేస్తుంది.